ముక్కుపురుగుల కోసం ఎల్లారెడ్డి దాకా

కామారెడ్డి వెళ్ళొచ్చి పది రోజులైంది. అక్కడ ఏం చూశావని అడిగినవాళ్ళకి బియ్యపు బస్తాలు చూశానని చెబుతుంటే ఎవరూ నమ్మడం లేదు. మళ్ళీ మళ్ళీ చెప్పలేక రాసేస్తున్నాను.

ముందు నా ఉద్యోగం సంగతి. హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో ముక్కుపురుగు మీద పరిశోధన చేస్తుంటాను. మీకు తెలియని జీవేం కాదు. మీ బియ్యం డబ్బాలో తాపీగా నడుస్తూ కనిపించే, నువ్వుగింజంత నల్లటి పురుగు. ముందు సన్నటి తొండం ఉంటుంది, దాన్ని చూసి ఎవరో ఆ పేరు పెట్టారు. నిజానికి అది వాసన చూసేది ఆ ముక్కుతో కాదు. తొండం చివర నోరుంటుంది, దాంతో గింజకి కన్నం వేస్తుంది. వాసన చూసే పని తొండానికి అటూ ఇటూ ఉన్న మీసాలది. ఆ మీసాల్లో ఒక్కో రకం వాసనని పట్టుకునే ఏర్పాటు ఒక్కోటి ఉంటుంది, ఒక్కోదానికీ ఒక్కో జన్యువు. వీటన్నిటికీ తోడుగా ఉండి తీరాల్సిన జన్యువు ఇంకొకటి ఉంది. అది పనిచేయకపోతే మిగతావన్నీ ఉండీ లేనట్టే. దాన్ని ఆపేస్తే పురుగు బియ్యం కుప్ప పక్కనే నిలబడి కూడా బియ్యం ఎక్కడుందో తెలియక తిరుగుతుంది. ఒక్కో పురుగునీ సూక్ష్మదర్శిని కింద పడుకోబెట్టి, సూది వేసి, దాని వాసన పోగొట్టడమే నా కొలువు. మా అమ్మ తెనాలిలో చుట్టాలందరికీ నేను డాక్టరునని చెప్పుకుంటుంది. సూదులు వేస్తాను కాబట్టి పూర్తి అబద్ధం అనలేను.

చిక్కెక్కడ వచ్చిందంటే, మా ల్యాబు పురుగులు ఏళ్ళ తరబడి గాజు సీసాల్లో, ఏసీ గదిలో, కడిగి ఆరబెట్టిన బియ్యం తింటూ పెరిగినవి. పురుగుల్లో ఉన్నతాధికారులన్నమాట. మా వ్యాసం చదివిన ఒక పెద్దమనిషి, ఊళ్ళో పురుగులక్కూడా ఇవే జన్యువులు ఇలాగే పనిచేస్తాయా అని అడిగాడు. మా గైడుగారు వెంటనే నన్ను పిలిచి, మందు పెట్టని బియ్యంలోంచి మూడు వందల పురుగులు ప్రాణాలతో పట్టుకురమ్మన్నారు. దేశంలో పురుగులకేం కొదవ, రెండు రోజుల పని అన్నారు. తీసుకురాకపోతే ప్రాజెక్టు ఈ నెలాఖరుతో ముగిసిపోతుందని, దాంతోపాటు నా జీతం కూడా ముగుస్తుందని మాత్రం మెల్లగా చెప్పారు.

కామారెడ్డి: పురుగుల్లేని పట్టణం

కామారెడ్డిలో పురుగులు లేవు. నా మాట మీద నమ్మకం లేకపోతే ఎవర్నైనా అడగండి. మొదటి రోజు పద్నాలుగు కిరాణా దుకాణాలు, మూడు మిల్లులు తిరిగాను. ఇంత శుభ్రమైన పట్టణం భూమ్మీద ఇంకోటి ఉండదని తేలింది. "మీ బియ్యంలో పురుగులున్నాయా" అని అడగడం, మీ ఇంట్లో దొంగలున్నారా అని అడగడంతో సమానమని నాకు నాలుగో దుకాణం దగ్గర అర్థమైంది. మా తెనాలిలో అయితే ఈ ప్రశ్నకి తిట్టి పంపేవారు. ఇక్కడ చాయ్ తాగించి పంపారు. ఆ ఒక్క రోజు ఎనిమిది చాయ్‌లు తాగాను. వాటిలో రెండింటికే డబ్బులు తీసుకున్నారు, ఒక్కోదానికి పది రూపాయలు.

ఒక మిల్లు యజమాని చాలా మర్యాదగా మాట్లాడాడు. పురుగుంటే తాము మిల్లు ఎట్లా నడుపుతామని ఆయన నాకు వివరిస్తున్నంతసేపూ ఒక ముక్కుపురుగు ఆయన చొక్కా కాలరు మీద ఎడమ నుంచి కుడికి నడుచుకుంటూ వెళ్ళింది. దాన్ని తీసుకోవచ్చా అని అడిగే ధైర్యం చాలలేదు.

నా సంచిలో రెండు ఎర డబ్బాలున్నాయి. మగ ముక్కుపురుగు మంచి తిండి దొరికినప్పుడు ఒక వాసన వదులుతుంది. దానికి ఆడా మగా తేడా లేకుండా చుట్టుపక్కల పురుగులన్నీ విందుకి పిలిచినట్టు వచ్చేస్తాయి. ఆ వాసననే ల్యాబులో తయారు చేసి చిన్న గొట్టంలో నింపి, డబ్బాలో పెడతాం. వచ్చినవి అందులో పడతాయి. ఒక రాత్రి మీ గోదాములో పెట్టుకుంటానని ఆయన్ని అడిగాను. ఆయన డబ్బాని తిప్పి తిప్పి చూసి, "ఉన్నయి సాలవా మేడం, ఊర్లున్నయన్నీ పిలుస్తవా?" అన్నాడు.

ఉన్నాయని అలా ఒప్పుకున్నట్టు ఆయనకి తట్టలేదు. నేనూ గుర్తు చేయలేదు.

దోమకొండ: భూమవ్వ బియ్యం

నా తెలివితక్కువతనాన్ని పూర్తిగా చూసినవాడు ఆటో నడిపే సాయిలన్న. మర్నాడు పొద్దున దోమకొండ వైపు తీసుకెళ్తూ, పురుగులున్నాయా అని అడిగితే ఎవరూ చెప్పరని, పురుగు పట్టకుండా ఏం చేస్తారని అడిగితే అందరూ చెబుతారని నాకు పాఠం చెప్పాడు. పురుగుల మీదే పదేళ్ళు చదువుకున్న నాకు ఈ మాత్రం తోచలేదు. మా గైడుగారికీ తోచలేదు కాబట్టి కొంత ఊరట.

సాయిలన్నకి తెలిసిన భూమవ్వ అనే ముసలావిడ ఇంటి ముందు దిగి అలాగే అడిగాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. బియ్యంలో వాయిలాకు, అంటే మా వైపు వావిలాకు, ఎప్పుడు వేయాలో, ఎంత ఎండాక వేయాలో, ఈ కాలపు ఆడవాళ్ళు ఎందుకు వేయరో అరగంట చెప్పింది. మేం వేపాకు వేస్తామంటే జాలిగా చూసింది. చివరికి తన బియ్యం ఎంత స్వచ్ఛంగా ఉన్నాయో చూపించడానికి రేకు డబ్బా మూత తీసింది. లోపల వాయిలాకు మీద ముక్కుపురుగులు విశ్రాంతి తీసుకుంటున్నాయి.

నిన్నటిదాకా లేవని ఆవిడ అంది. ఉండవని నేనూ అన్నాను. తర్వాత ఇద్దరం కూర్చుని చిన్న బ్రష్‌తో ఒక్కొక్కటీ నా సీసాలోకి తోశాం. ఈ పురుగుకి ఒక గుణముంది. ముట్టుకుంటే చాలు, కాళ్ళు ముడుచుకుని చచ్చినట్టు పడిపోతుంది. కొత్త పని అప్పజెప్పేటప్పుడు మా ఆఫీసులోనూ చాలామంది ఇలాగే చేస్తారు కాబట్టి నాకు అలవాటే. డెబ్బై రెండు దొరికాయి. భూమవ్వ జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల తొక్కు పెట్టింది. మూడు పూటలా అన్నం తినే ఊరు మాది. రొట్టె విరవడం చేతకాక తొక్కంతా ముందే తినేసి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. సాగనంపేటప్పుడు పురుగుల్ని జాగ్రత్తగా చూసుకొమ్మని ఆవిడ చెప్పింది. అందులో వెటకారం ఉందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

లాడ్జి: శుభ్రత

ఆ సాయంత్రం సీసాలో పురుగులకి ఇరుకుగా ఉందని, కామారెడ్డి లాడ్జి గదిలో ఒక స్టీలు గిన్నెలో గుప్పెడు బియ్యం పోసి, వాటిని అందులో వదిలి, పైన పల్చటి గుడ్డ కట్టి, కింద టిఫిను తినడానికి వెళ్ళాను. మక్కగారెలు, అంటే మొక్కజొన్న గారెలు, ప్లేటు ముప్పై రూపాయలు. బాగున్నాయని రెండో ప్లేటు కూడా తిన్నాను. ఆ రెండో ప్లేటే నా కొంప ముంచింది.

తిరిగొచ్చేసరికి గదులు ఊడ్చే ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. చేతిలో నా గిన్నె. అందులో తెల్లగా, ఒక్కొక్క గింజ విడివిడిగా, ముత్యాల్లాంటి బియ్యం.

"బియ్యంల మస్తు పురుగులు పడ్డయి మేడం. చాటల చెరిగి, మంచిగ ఏరి పెట్టిన" అంది.

పురుగులేం చేశావని అడిగాను. కిటికీలోంచి పారబోశానంది. ఆమె మొహంలో ఎంత సంతోషం ఉందంటే, నాకు ఏడుపొస్తున్నా దండం పెట్టి యాభై రూపాయలు ఇచ్చాను. ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో ఒకరు నాకోసం ఇంత శ్రద్ధగా చేసిన పని ఇంకోటి గుర్తులేదు.

ఎల్లారెడ్డి: నా పళ్ళెంలో అదృష్టం

మూడో రోజు అడవి దారిలో ఎల్లారెడ్డి చేరేసరికి ఆకలి దంచేస్తోంది. బస్టాండు దగ్గర ఒక మెస్సులో కూర్చున్నాను. అన్నం, పప్పు, పచ్చిపులుసు, వంకాయ కూర, ఎనభై రూపాయలు. అడిగినంత అన్నం. పప్పు ఎంత బాగుందంటే మూడుసార్లు వేయించుకున్నాను. మెస్సు నడిపే గంగామణికి నలభై అయిదేళ్ళుంటాయి. భర్త దుబాయిలో పనిచేస్తాడట. వండేది ఆమె. కూరగాయలు తరిగి, వడ్డించేది సుజాత అనే ఇంకొకావిడ.

రెండోసారి పెట్టించుకున్న అన్నంలో ఉడికిన ముక్కుపురుగు కనిపించింది. పళ్ళెంలో పురుగును చూసి పరమానందపడిన గిరాకీని గంగామణి అంతకు ముందు చూసి ఉండదు. ఆమె దగ్గరికెళ్ళి, మెల్లగా, ఈ బియ్యం బస్తాలు ఎక్కడున్నాయో చూపించమని అడిగాను.

ఆమె మొహం పాలిపోయింది. నేను తనిఖీకి వచ్చిన అధికారిననుకుంది. ముందు ఆ పురుగు గాలికి వచ్చి పడిందంది. తర్వాత నా దగ్గర డబ్బులు తీసుకోనంది. నేను గుర్తింపు కార్డు తీసి, సీసా తీసి, బ్రష్ తీసి, పురుగులు పట్టుకెళ్ళడానికే హైదరాబాదు నుంచి వచ్చానని చెప్పాను. ఇంతకంటే నమ్మలేని మాట ఆమె ఎప్పుడూ విని ఉండదు, అందుకే నమ్మింది. ఇంత తెలివితక్కువ అబద్ధం అధికారులు చెప్పరని తర్వాత నాతో అంది.

తాళం వేసిన గది

బియ్యం గది వెనకుంది. తాళం చెవి ఆమె నడుముకే ఉంటుంది. లోపలికి ఇంకెవర్నీ రానీయదట. తలుపు తీయగానే ముక్కిన వాసన మొహానికి కొట్టింది. పాత గోనె, తడి, పురుగు పట్టిన పిండి అన్నీ కలిసిన వాసన. నేను కొంగు అడ్డం పెట్టుకున్నాను. గంగామణి మామూలుగా లోపలికి నడిచి, బస్తా మూతి విప్పి, గుప్పెడు బియ్యం తీసి, "మంచిగనే ఉన్నయి గద?" అంది.

అప్పుడు నాకు అనుమానం రాలేదు. సంతోషంగా బస్తాల దగ్గర కూర్చుని పురుగులు పట్టుకోసాగాను. ఒక బస్తాలోనే వందకు పైగా ఉన్నాయి. ఇంతలో వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. సుజాత నీళ్ళకోసం బయటికి వెళ్ళినట్టుంది. గంగామణి వంటింటి గుమ్మంలోనే నిలబడి, నా వైపు చూస్తూ, దుబాయి ఎండల గురించి చెబుతోంది. వాసన ఎక్కువైంది. ఆమె కదల్లేదు. పొయ్యి మీద ఏదో మాడుతోందని నేను లేచి చెబితే ఉలిక్కిపడి పరిగెత్తింది.

గిన్నె దించి వచ్చి నా ఎదురుగా బస్తా మీద కూర్చుంది. ఆమే మొదలుపెట్టింది. రెండేళ్ళ కింద జ్వరమొచ్చి తగ్గాక వాసన పోయిందట. మొదట వారం అనుకుంది, తర్వాత నెల అనుకుంది. ఉప్పు, పులుపు, కారం నాలుకకి తెలుస్తాయి, అంతే. పోపు చప్పుడు విని, రంగు చూసి, గంటెతో కొలిచి వండుతోంది. భర్తకి చెప్పలేదు, పిల్లలకి చెప్పలేదు. ముక్కు లేని మనిషి వంట ఎవరు తింటారని ఆమె భయం. ఊళ్ళో తెలిస్తే మెస్సు మూసుకోవాల్సిందే.

"నువ్వు వాసన మీదనే సదివినవు గద చెల్లె" అంది. "నాది ఎప్పుడొస్తదో చెప్పు."

వాసన మీద నేను ఎన్నో సభల్లో మాట్లాడాను. రంగురంగుల బొమ్మలు చూపించాను. చప్పట్లు కొట్టారు. ఇప్పుడు ఒక మెస్సు వెనక గదిలో, మనిషి తిన్నగా అడిగిన ఒకే ఒక్క ప్రశ్నకి నా దగ్గర ఉన్న సమాధానం ఏంటంటే, నాకు వాసన పోగొట్టడం వచ్చు, అది కూడా పురుగులకి. తెప్పించడం రాదు.

ఆ మాటే చెప్పాను. ఆమె "గీ సదువెందుకు మరి" అంది. కోపంగా అనలేదు, తెలుసుకుందామనే అడిగింది. పురుగుకి వాసన తెలియకపోతే బియ్యం దగ్గరికి రాదని, అప్పుడు గోదాముల్లో విషపు మాత్రలు పెట్టక్కర్లేదని చెప్పాను. అది ఎప్పుడు జరుగుతుందని అడిగింది. అదీ తెలియదన్నాను.

నిజాంసాగర్ కట్ట మీద

మర్నాడు మహమ్మద్‌నగర్ వెళ్ళాను. ఇంకో ఊరి పురుగులు కూడా కావాలని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి, గంగామణికి మళ్ళీ ఎదురుపడకుండా ఒక పూట గడిపేయాలి. అక్కడ ఒకాయన నన్ను ఏమీ అడగకుండానే బస్తా విప్పి, ఎన్ని కావాలంటే అన్ని తీసుకొమ్మన్నాడు. పదకొండేళ్ళు గల్ఫ్‌లో పనిచేసి వచ్చాడట. అక్కడ క్యాంపులో బియ్యంతోపాటు పురుగుల్నీ తిన్నవాడికి వాటిని దాచుకోవాల్సిన సిగ్గు లేదని నవ్వాడు. ఈ ప్రయాణంలో తన ఇంట్లో పురుగులున్నాయని తనంతట తాను ఒప్పుకున్నది ఆయనొక్కడే.

దగ్గర్లోనే కదా అని నిజాంసాగర్ కట్ట మీదికి వెళ్ళాను. నీళ్ళు చూసి గొప్ప ఆలోచనలు వస్తాయంటారు. నాకు ఒకటే వచ్చింది. హైదరాబాదులో చెవి, ముక్కు, గొంతు డాక్టరుగా ఉన్న నా స్నేహితురాలికి ఫోన్ చేశాను. ఈ పని నిన్ననే చేసి ఉండొచ్చు, కానీ వాసన గురించి నాకంటే ఇంకొకరికి ఎక్కువ తెలుసని ఒప్పుకోవడానికి నాకొక రాత్రి పట్టింది.

ఆమె తేలిగ్గా చెప్పేసింది. జ్వరం తర్వాత వాసన పోయినవాళ్ళలో కొందరికి కొన్ని నెలల్లో వస్తుంది, కొందరికి ఏళ్ళు పడుతుంది, కొందరికి రాదు. లవంగం, నిమ్మతొక్క లాంటి నాలుగు ఘాటైన వాసనలు రోజూ రెండు పూటలా, నెలల తరబడి శ్రద్ధగా చూస్తే కొందరికి మేలు చేస్తుంది. ఒకసారి తన దగ్గరికి పంపమంది. అన్నిటికంటే ముందు, ఇంట్లో ఒక్క మనిషికైనా ఈ సంగతి తెలిసి ఉండాలంది. గ్యాసు లీకైతే, పాలు విరిగితే, మాంసం పాడైతే పసిగట్టడానికి పక్కన ఇంకో ముక్కు కావాలి.

మళ్ళీ ఎల్లారెడ్డి

అయిదో రోజు మధ్యాహ్నం గిరాకీ తగ్గాక మెస్సుకెళ్ళాను. డాక్టరు చెప్పినదంతా గంగామణికి చెప్పాను. లవంగాలు, నిమ్మకాయలు అనగానే ఆమె నవ్వింది. రెండేళ్ళుగా పొద్దున్నుంచి రాత్రి దాకా వాటి మధ్యనే ఉంటున్నానని, వాటికి లేని దయ ఇప్పుడెక్కడి నుంచి వస్తుందని అడిగింది. ఊరికే పక్కన ఉండటం వేరు, కళ్ళు మూసుకుని ఆ వాసనని గుర్తు చేసుకుంటూ చూడటం వేరని చెప్పాను. సరే చూస్తానంది. బియ్యంలో పురుగు పడితే తెలియడానికి నా ఎర డబ్బా ఒకటి ఆమె బియ్యం గదిలో పెట్టాను. బస్తాలోని గింజల లోపల ఇంకా పిల్లపురుగులుంటాయని, ఎంత చెరిగినా అవి పోవని, పురుగు పట్టిన రెండు బస్తాలూ వాడొద్దని చెప్పాను.

ఇంకొక మనిషికి చెప్పాలన్న మాట దగ్గర ఆగింది. సుజాత తొమ్మిదేళ్ళుగా తన దగ్గర పనిచేస్తోందట. చెబితే రేపే మానేస్తుందేమో, ఊరంతా చెబుతుందేమో అంది. నేను బలవంతం చేయలేదు. బలవంతం చేసే హక్కు నాకు లేదు, పైగా నా బస్సు టైమైపోతోంది.

నా సీసాల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మొత్తం మూడు వందల నలభై పురుగులు ప్రాణాలతో హైదరాబాదు చేరాయి. ఇప్పుడు ఏసీ గదిలో ఉన్నాయి. ప్రాజెక్టు ఆగలేదు. నేను రెండు రోజుల పనికి అయిదు రోజులు తీసుకున్నందుకు గైడుగారు కొంచెం నొచ్చుకున్నారు.

సంచి సర్దుకుని లేస్తుంటే గంగామణి కూడా లేచింది. వసారాలో సుజాత రేపటికోసం ఉల్లిగడ్డలు పొట్టు తీస్తోంది. గంగామణి ఆమె ఎదురుగా వెళ్ళి నిలబడి, నేనేమనుకుంటానో అని కూడా చూడకుండా, రెండేళ్ళుగా తనకి ముక్కు పనిచేయడం లేదని చెప్పేసింది.

సుజాత పొట్టు తీయడం ఆపలేదు.

"ఎర్కే అక్క" అంది. "పాలు, పెరుగు, మాంసం నేనే జూసి పారబోస్తున్న. మాడు వాసనొస్తే దగ్గుత, నువ్వు పోయి మూత దీస్తవు. బియ్యం గది తాళం నీతాననే ఉండె, గందుకే గవొక్కటే ఖరాబైనయి."

ఇన్ని రోజులూ ఒక్క మాట ఎందుకు అనలేదని గంగామణి అడిగింది. నువ్వే చెబుతావని చూశానంది సుజాత. గంగామణి ఆమె పక్కనే చతికిలబడి, బుట్టలోంచి సగం ఉల్లిగడ్డలు తన ముందుకి లాక్కుంది. ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళున్నాయి, ఉల్లిగడ్డల వల్ల కూడా అయి ఉండొచ్చు. ఒకటి ఒలిచాక, తల ఎత్తకుండానే గంగామణి అడిగింది.

"ఇయ్యాల పప్పు ఎట్లున్నది? నిజం చెప్పు."

"ఎల్లిపాయ ఎక్కువైంది."

"రోజు గట్లనే అయితుందా?"

"రెండేండ్ల సంది గట్లనే."

"మరి గదన్న చెప్పకపోయినవా?"

సుజాత ఒలిచిన ఉల్లిగడ్డని గిన్నెలో వేసి, ఇంకోటి చేతిలోకి తీసుకుంది.

"గిరాకీలకు గదే నచ్చింది అక్క."